మా మేనేజర్ డిజాస్టర్లు

నాచారంల నేను పనిచేసిన రేకు డబ్బాల ఫ్యాక్టరీకి ఒక మేనేజర్ ఉండె. తెలుగోడే, కానీ నాశనం మాటొస్తే ఇంగ్లీషే. చాయ్ సల్లారితే డిజాస్టర్. ఉప్పల్ చౌరస్తాల బండ్లు ఆగితే టోటల్ కొలాప్స్. లేబుల్ జర వంకరగ అంటిస్తే "మొత్తం రూయిన్ జేసిన్రు" అని నెత్తి పట్టుకునెటోడు. మాటలేమో గంత పెద్దయి, మనిషేమో పిట్టంత!

ఒకనాడు ప్రెస్ మిషన్ల మా యాదమ్మక్క వేళ్లు నలిగినయ్. పని జల్దీ కావాలని వేళ్లకు అడ్డముండే జాలీని ఆయనే తీయించిండు. అక్కను ఆటో ఎక్కిస్తుంటే, పక్కన నిలబడి ఓనర్‌కు ఫోన్ జేసిండు.

"ఏం ఫికర్ లేదు సార్, మైనర్ డ్యామేజ్. మిషన్ మంచిగనే ఉంది."

ఫోన్ పెట్టేసి తన తెల్ల అంగీ సూసుకున్నడు. చేతి అంచుకు అక్క రక్తం సుక్క అంటింది.

"అయ్యో, డిజాస్టర్!" అన్నడు.