నాయనమ్మ దిష్టి తగిలిన చేతులు

నా చిన్నప్పుడు భిలాయిలో మేం రిసాలి వైపు క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఎదురింటి అన్నయ్యది శ్రీకాకుళం జిల్లా. క్రికెట్ బాగా ఆడతాడనే అతనికి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం ఇచ్చారు. ఆట ఉన్నన్నాళ్లే ఆ మర్యాద కూడా అని మా నాన్న అంటుండేవాడు. బిహారీలు, బెంగాలీలు, పంజాబీలు, మేమూ కలిసి బతికే ఆ వీధిలో అందరూ మనవాడని చెప్పుకున్న మనిషి అతనొక్కడే.

అతని ఆట గురించి ఇప్పుడు అడిగినా గంటసేపు చెబుతాను. బ్యాటు గట్టిగా ఊపినట్టే కనిపించేది కాదు, బంతి మాత్రం షామియానా దాటిపోయేది. సిక్సర్ కొట్టాక జనం వైపు చూసేవాడు కాదు, తప్పు చేసినవాడిలా తల వంచుకుని నిలబడేవాడు. అన్నిటికంటే నాకు అతని ఫీల్డింగ్ ఇష్టం. సున్నపు గీత దగ్గర పిల్లలమైన మాకు వీపు పెట్టి నిలబడి, మెల్లిగా ఒక చెయ్యి వెనక్కి చాచేవాడు. మేం అందులో వేయించిన పల్లీలు పోసేవాళ్లం. అవి నములుతూనే పరుగెత్తి క్యాచ్ పట్టేవాడు. ఏళ్ల తరబడి చూశాం, ఆ చేతుల్లోంచి బంతి జారడం మేమెవరం ఎరగం.

ఒక ఏడాది ఇంకో ఉక్కు నగరం జట్టుతో ఫైనల్ పడింది. వాళ్లది చివరి వికెట్, గెలవడానికి కొద్ది పరుగులే కావాలి. బంతి పైకి లేచి, నింపాదిగా అతని దగ్గరికే వచ్చింది. మేం ముందే చప్పట్లు మొదలుపెట్టేశాం. అది అతని చేతుల్లో పడి, బయటికి దొర్లి, గీత దాటింది. కప్పు వాళ్లు పట్టుకుపోయారు.

ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ‘చూడియాఁ పహన్ లే’ అని మైదానమంతా అరిచింది. గాజులు తొడుక్కో అని. నేనూ అరిచాను. నా చేతులకున్న గాజులు గలగలమనిపించి మరీ అరిచాను. ఆడపిల్లనై ఉండి గాజుల్ని తిట్టుగా ఎలా వాడానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అతను ఒక్కసారి మా వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ గోలలో నా గొంతు అతనికి వినబడిందో లేదో తెలియదు.

మర్నాడు అతని గేటుకు ఎవరో గాజులు కట్టి వెళ్లారు. అప్పటినుంచి అన్నయ్య వెనక సందులోంచి సైకిలు నడిపించుకుంటూ డ్యూటీకి పోవడం మొదలుపెట్టాడు. కూరగాయలకు కూడా చీకటి పడ్డాకే బయటికొచ్చేవాడు. కుళాయి దగ్గర వదిన మా నాయనమ్మతో చెప్పుకుని ఏడ్చింది. అన్నం ముట్టడం లేదట. ఇక బ్యాటు పట్టనని, ఉద్యోగం వదిలేసి ఊరెళ్లిపోదామని అంటున్నాడట. ఊళ్లో వాళ్లకు సెంటు భూమి లేదని మాకందరికీ తెలుసు.

నాయనమ్మ ఆ సాయంత్రం నన్ను పిలిచి ఎండుమిరపకాయల డబ్బా ముందు పెట్టింది. అందులో తెల్లబారిన తాలుకాయలు ఏరించింది. ఏరినవాటి తొడిమలు తీయించి, గింజలన్నీ దులిపించింది. ఎందుకని అడిగితే ఇంకో గుప్పెడు నా ముందు పోసింది.

మర్నాడు పొద్దున పాల బూత్ దగ్గర వరసలో వీధి అంతా ఉంది. నాయనమ్మ తనకొచ్చిన హిందీలో గట్టిగా మొదలుపెట్టింది. “ఉస్కా గల్తీ నహీ. మేరా నజర్ లగ్ గయా.” అతని తప్పేమీ లేదని, ఆట ముందురోజు తను నోరు తెరుచుకుని అతని చేతుల్ని మెచ్చుకుందని, తన దిష్టే తగిలిందని చెప్పింది. మా అమ్మ నా తమ్ముడికి బుగ్గన చుక్క పెడితే ఇదేం పిచ్చి అని నవ్వే మనిషి ఆవిడ. నేను తెల్లబోయి చూశాను. ఎవరూ నవ్వలేదు. మైదానంలో అందరికంటే గట్టిగా అరిచిన క్రేన్ ఆపరేటరు చెంబు కేసి చూస్తూ, నజర్ మాది కూడా తగిలుంటుంది అమ్మాజీ అని గొణిగాడు.

అక్కణ్నుంచి అందర్నీ వెంటబెట్టుకుని అతని గేటు దగ్గరికి వెళ్లింది. బొగ్గుల సిగ్డీ, అంటే కుంపటి, బయట పెట్టించి, అతన్ని పిలిపించింది. ఆ గాజులు ఎవరు ఎప్పుడు తీశారో గేటుకు లేవు. అతను మాసిన గడ్డంతో వచ్చి ఆవిడ ముందు తల వంచాడు. ఉప్పు, నేను ఏరిన ఆ మిరపకాయలు పిడికిట పట్టి దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు, ఒక్కరూ దగ్గలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే కదా. వీధి వీధంతా నిట్టూర్చింది.

“పోయింది బావూ, నా పాడు దిష్టి. తిడితే నన్ను తిట్టుకో, నీ చేతుల్నేటీ అనకు” అంది నాయనమ్మ. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ వారమే మైదానానికి వెళ్లాడు. తర్వాత చాలా ఏళ్లు ఆడాడు, ఎన్నో గెలిపించాడు. ఇంకా కొన్ని క్యాచ్‌లు వదిలాడు, ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. నమ్మకం లేని దిష్టి పేరు చెప్పి అబద్ధం ఎందుకాడావని అడిగాను.

“అబద్ధమేటే? ఆ రోజు నువ్వూ అరిచావట కదా. ఈ ఇంటి నోరే కదా అది” అంది. బియ్యం చేట తీసుకుంది. కొడితే బాగుండేదనిపించింది నాకు.

నాయనమ్మ పోయినప్పుడు పాడె మోసినవాళ్లలో అన్నయ్య ఉన్నాడు. తిరిగొచ్చి మా గుమ్మంలో కూర్చుని, ఈ ముసలమ్మ దిష్టి తగిలే ఆ ఏడాది కప్పు పోయిందని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. అతనికి మంచినీళ్లు ఇస్తూ, ఆవిడ కాదు అన్నయ్యా, అరిచింది నేను అని చెప్పాలనుకున్నాను. గ్లాసు అందించి లోపలికి వచ్చేశాను. చెప్పని ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.