మా అత్త పట్టుకోవాల్సిన పైపు

మా అత్త పడిపోయిన రోజున నేను ఒక జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. మా పెరట్లో స్నానాల గదికి వెళ్ళాలంటే నాలుగు రాతి మెట్లు దిగాలి. ఆవిడ మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి నేనే భుజం ఇచ్చి దింపుతున్నాను. ఆ రోజు కూడా పిలిచింది. "వస్తన్నాను అత్తా, ఈ కుట్టు అయిపోనీ" అన్నాను. కుట్టు అయ్యేలోగా ఆవిడ కింద ఉంది. ఎముకలు విరగలేదు గానీ నడుము పట్టేసి మూడు వారాలు మంచం దిగలేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ రెండు అనేసి తేలికపడేదాన్ని.

మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో మేమిద్దరమే. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక పైపు ఉంటే ఆవిడకి నా భుజంతో పని ఉండదు. రాజాంలో మా వీధి చివర గేట్లు చేసే అన్నకి చెప్పాను. మంచి పనివాడే, కాకపోతే ఊరంతా ఇళ్ళు కట్టేస్తోంది, అందరి గేట్లూ ఆయన చేతి మీదే. "రేపొస్తాను సెల్లీ" అన్నాడు. నాలుగు రేపులు చూశాను. ఐదో రేపుకి నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా గుడ్డకి గుడ్డ అతుకుతున్నదాన్ని, ఇనుముకి ఇనుము అతకలేనా?

వారం రోజులు ఫోనులో వీడియోలు చూశాను. గేట్లన్న వెల్డింగుకి వాడేది రాడ్డు మెషిను. రాడ్డు కరిగే కొద్దీ చెయ్యి దించుకుంటూ పోవాలి, ఆ చెయ్యి కుదరడానికి చాలా కాలం పడుతుంది. ఇంకో రకం ఉంది. మీట నొక్కితే కండె మీది సన్నటి తీగ దానంతటదే గన్నులోంచి బయటికి వస్తుంది. కండె, తీగ, దాన్ని లాగే చక్రం, బిగువు సరిచేసే మర! ఇది నాకు తెలిసిన మెషినే, దారం బదులు ఇనుము పెట్టారంతే.

విజయనగరం వెళ్ళాను. షాపతను గ్యాసు సిలిండరు తగిలించే పెద్ద మెషిను చూపించి, నా వెనక్కి చూసి, "సారు రానేదేటండి?" అన్నాడు.

"మెషిను నాకండి. సింగిల్ ఫేజు మీద ఆడతాదా, గ్యాసు నేకుండా ఆడతాదా, అది సెప్పండి ముందు" అన్నాను.

పెరట్లో గాలికి అతుకుని కాపాడే గ్యాసు కొట్టుకుపోతుంది. లోపల మందు కూరిన తీగ ఒకటి దొరుకుతుంది, దానికి గ్యాసు అక్కర్లేదు. ఆ తీగ ఆడే చిన్న మెషిను, కిలో కండె, తోలు గ్లౌజులు, నిప్పు రాజుకోగానే దానంతటదే నల్లబడే మాస్కు తీసుకున్నాను. పైపు మాత్రం జింకు పూత లేని నల్లది కొన్నాను. జింకు పొగ ఒంటికి మంచిది కాదు.

ఎలక్ట్రీషియన్ని పిలిచి మీటరు దగ్గర నుంచి లావు వైరుతో పెరట్లోకి పవర్ ప్లగ్గు వేయించాను. నైలాను చీర మీద నిప్పురవ్వ పడితే ఏమవుతుందో టైలరుకి ఒకరు చెప్పాలా? మా ఆయన నూలు చొక్కా ఒకటి పెట్టెలోంచి తీసి, మెడ దాకా గుండీలు పెట్టుకున్నాను. మెషిను షాపులోంచి వచ్చేటప్పుడు గన్ను ప్లస్సుకి తగిలించి ఉంది. మందు తీగకైతే గన్ను మైనస్సుకి, ఎర్త్ క్లాంపు ప్లస్సుకి మార్చాలని దాంతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. చదివాను, మార్చాను.

ఆ తర్వాత చేసిన తప్పు టైలరు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మెషిను మూత తీసి చక్రం కనబడితే మా చెయ్యి ఊరుకోదు, నూనె డబ్బా కోసం వెతుకుతుంది. తీగ లాగే చక్రానికి నాలుగు చుక్కలు, కండెకి ఇంకో నాలుగు చుక్కలు కుట్టుమిషను నూనె భక్తిగా వేశాను. మీట నొక్కితే చక్రం తిరుగుతోంది గానీ, నూనెకి పట్టు దొరక్క తీగ జారిపోతోంది. నిప్పు ఒకసారి వస్తుంది, ఒకసారి ఆరిపోతుంది. బిగువు చాలలేదనుకుని మర గట్టిగా తిప్పాను. తీగ అణిగిపోయి, చక్రం దగ్గరే ఉండలు చుట్టుకుంది.

వసారాలో మంచం మీద నుంచి మా అత్త మెడ సాచి చూసింది. "ఏటే, దీనికీ సిక్కు పడిపోనాదా?"

"నువ్వు పడుకో అత్తా" అన్నాను. సిగ్గేసింది గానీ ఒప్పుకోలేదు. నూనె అంటిన తీగంతా కత్తిరించి పారేశాను. చక్రాన్ని థిన్నరుతో తుడిచాను. బిగువు ఎంత ఉండాలో చూడ్డానికి గన్ను చెక్కకి ఆనించి మీట నొక్కాను. తీగ జారకుండా స్ప్రింగులా చుట్టుకునే దాకా మర కొంచెం కొంచెంగా తిప్పాను, అక్కడ ఆపాను. బిగువు పట్టడం నాకు ఇంకొకరు నేర్పాలా!

మర్నాడు రెండు పైపు ముక్కలు అతికాను. పూసలు గుచ్చినట్టు వచ్చింది. సరిగ్గా అప్పుడే గేట్లన్న చెప్పిన ఆ 'రేపు' వచ్చింది, ఆయన వచ్చాడు. నా అతుకు తిప్పి తిప్పి చూసి, "సూడ్డానికి బాగున్నాది సెల్లీ. సుత్తితో కొట్టు" అన్నాడు.

కొట్టాను. ఒక్క దెబ్బకి ఊడి కింద పడింది.

"పైన కూకున్నాది, లోపలికి దిగనేదు. నాను సేసీనా?"

ఊడిన ముక్క చేతిలోకి తీసుకున్నాను. దాని మీద మా అత్త బరువంతా వేసి ఉంటే? ఒక్క క్షణం, సరే నువ్వే చెయ్యి అనబోయాను. "వద్దన్నా, ఎలాగో సెప్పు, నానే సేస్తాను" అని మాత్రం అన్నాను. తుప్పు, నూనె పోయి తెల్లగా మెరిసే దాకా గ్రైండరు పట్టమన్నాడు, ఓల్టేజీ పెంచమన్నాడు, చెయ్యి నెమ్మదిగా లాగమన్నాడు. రెండు రోజులు ముక్కలు అతకడం, సుత్తితో కొట్టడం. పైపు వంగింది గానీ అతుకు ఊడలేదు, అప్పుడు ఆపాను.

రెండు ఇనప గుంజలు మెట్ల పక్కన సిమెంటులో పాతి, వారం ఆరనిచ్చి, వాటి మీద పైపు అతికాను. నేనేమీ బక్కపలచటి మనిషిని కాదు. రెండు చేతులా వేలాడి ఊగి చూశాను, కదల్లేదు. రంగు వేశాను.

అప్పటికి అత్త మంచం దిగి ఇంట్లో తిరుగుతోంది. మంచం దిగినప్పటి నుంచి ఆవిడ స్నానం వేళకి నేను కుట్టుమిషను ఆపేసి కూర్చుంటున్నాను. రంగు ఆరిన రోజున కూడా లేవబోయాను. పెరట్లోంచి కేక వినబడింది. "మిషను ఆపీసినావేటే? నువ్వు కుట్టు, నాను దిగుతన్నాను."

కుట్టాను. చెవులు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి. చెంబు చప్పుడు వినబడే దాకా ఏం కుట్టానో నాకే తెలియదు.

తడి జుట్టుతో వచ్చి నా గుమ్మంలో నిలబడింది. "ఆ రోజు నువ్వు ఆగమన్నావు. ఆగనేదు నాను. ఇన్నాళ్ళూ సెప్పనేకపోనాను, సిగ్గేసి" అంది.

ఆవిడ మౌనమంతా నా మీద కోపమనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సూది కింద గుడ్డ అలాగే వదిలేసి, ఆవిడ తడి భుజం మీద తల పెట్టి ఏడ్చాను.