కాకతీయుల కాలంలో సత్తు గిన్నె

యాకయ్య నా సెలూన్‌కు వారం వారం వచ్చేవాడు. బల్ల మీద కూర్చునేవాడు, ఊరి సంగతులు మాట్లాడేవాడు, నా బీడీ కాల్చేవాడు. కుర్చీలో మాత్రం ఏడేళ్ళు కూర్చోలేదు. తూర్పు కోటలో తాతల నాటి నుంచి కత్తెర పట్టిన ఇల్లు మాది. జుట్టు నడుము దాకా వేలాడేసుకుని ఒక మనిషి నా ఎదురుగా కూర్చుంటే నాకు కడుపు మండదా?

దానికంతటికీ కారణం ఒక సినిమా.

1977 ఎండాకాలంలో మద్రాసు నుంచి సినిమా కంపెనీ వాళ్ళు మా ఓరుగల్లు కోటకు దిగారు. కాకతీయుల కాలంలో ఓరుగల్లు వర్తకుడొకడు మోటుపల్లి రేవులో ఓడెక్కి, సిలోను, ఈజిప్టు, ఇటలీ తిరిగి, పన్నెండేళ్ళకు ఇల్లు చేరతాడట. అదీ కథ. వర్తకుడు బయలుదేరే రోజు కోట తలుపు మూయడానికి ద్వారపాలకుడు కావాలి. మిర్చి యార్డులో హమాలీ చేసే యాకయ్య సీజను హడావిడిలో రెండు నెలలుగా నా దగ్గరికి రాలేదు. ఆ గడ్డం, ఆ జుట్టు చూసి డైరెక్టరు ముచ్చటపడ్డాడు.

షాటు చిన్నదే. తలుపు మూసి, వెళ్ళిపోయే వర్తకుడి వైపు చూడాలి. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ మొగిలమ్మ సద్ది పెట్టిన అల్యూమినియం సత్తు గిన్నె నెత్తిన పెట్టుకుని జనంలోకి వచ్చింది. కొడుకు పొద్దుటి నుంచి తినలేదని ఆమె బెంగ. "ఓ ముసలమ్మా, పక్కకు జరుగు!" అని ఎవరో అరిచారు. ఆమె జరిగిందో లేదో ఎవరూ చూడలేదు. షాటు అయిపోయింది.

అసలు పని చివరిలో ఉంది. వర్తకుడు తిరిగొచ్చినప్పుడు ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు, ద్వారపాలకుడొక్కడే గుర్తుపడతాడు. "వచ్చారా దొరా? మీరు వస్తారని నాకు తెలుసు" అంటాడు. ఆ మాట యాకయ్యది. అసిస్టెంట్ డైరెక్టర్ కిషన్ రావు వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టి, "విదేశాల్లో షూటింగు ముగించుకుని వస్తాం. అప్పటిదాకా జుట్టు ముట్టుకోకు" అన్నాడు.

మామూలు మనిషైతే నాలుగు నెలలు చూసి కత్తిరించుకునేవాడు. కానీ మా దిక్కు జుట్టు సంగతి వేరు. మల్లన్నకు మొక్కిన జుట్టును మల్లన్న గుట్ట మీదే తీయాలి, మధ్యలో కత్తెర తగలకూడదు. యాకయ్య కిషన్ రావు మాటను అట్లా పట్టుకున్నాడు.

"ఏ దేవునికి మొక్కినవ్ తమ్మీ, సినిమా దేవునికా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"సాంబన్నా, నా బతుకుల 'ఎత్తు', 'దించు' తప్ప నన్నెవలన్న మాట అడిగిండ్రా? ఆళ్ళు అడిగిండ్రు. జర ఆ ఒక్క మాట చెప్పుకోనియ్యి" అన్నాడు. తరువాత నేను ఎగతాళి తగ్గించాను.

మిర్చి బస్తాలు మోసేవాడికి పొడుగు జుట్టంటే నరకం. ఘాటంతా వెంట్రుకల్లోకి దిగి మాడు మండేది. భార్య ఏనాడో కాన్పులో పోయింది, ఇంట్లో తల్లీ కొడుకులిద్దరే. ఆదివారం ఆదివారం మొగిలమ్మ కొడుకును వాకిట్లో కూర్చోబెట్టి కుంకుడుకాయ రసంతో తల రుద్దేది. ఆమె తుమ్ములు నా దుకాణం దాకా వినబడేవి. "నీ సినిమా పాడుగాను!" అని తిడుతూనే, ముప్పై ఏళ్ళ కొడుకు కళ్ళలో నురుగు పడకుండా చెయ్యి అడ్డం పెట్టేది.

కిషన్ రావు ఉత్తరాలు రాసేవాడు. అవి నేనే చదివిపెట్టేవాణ్ణి. సిలోనులో కట్టించిన ఓడ మొదటి అలకే ఒరిగి, బట్టల పెట్టెలన్నీ సముద్రం పాలయ్యాయి. ఈజిప్టులో ఒంటెలు వచ్చాయి గానీ కెమెరా కస్టమ్స్‌లో ఇరుక్కుంది. అది చేతికొచ్చేసరికి ఒంటెలవాళ్ళు వెళ్ళిపోయారు. ఇటలీలో మంచు పడింది, హీరో అలిగి విమానమెక్కాడు. ప్రొడ్యూసర్ మారాడు, మళ్ళీ మారాడు. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట ఉండేది: 'జుట్టు జాగ్రత్త.'

1981 తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. యాకయ్య ఆగలేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే బల్ల మీద నుంచి లేచి నిలబడేవాడు. సైకిలు దాటిపోయాక కూర్చునేవాడు. ఆ లేవడం, కూర్చోవడం చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి.

1984 వానాకాలంలో మొగిలమ్మకు కామెర్లు ముదిరాయి. దవాఖానలో తొమ్మిది రోజులుండి పోయింది. ఒక్కడే కొడుకు, పదోనాడు గుండు చేయించుకోవాలి. చేయాల్సింది నేను.

ముందు రోజు యాకయ్య దుకాణానికి వచ్చాడు. "పైపైన కొద్దిగ తీస్తే సాలదా అన్నా? రేపో మాపో ఆళ్ళు వస్తే..." అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కన్నతల్లి కంటె ఎక్కువైందారా నీ సినిమా?" అని కసిరాను. అన్నానే గానీ, లోపల నాకూ ఆశే. ఆ మాట అతని నోట తెర మీద వినాలని నేనూ ఏడేళ్ళు ఎదురుచూశాను మరి.

మర్నాడు చెరువు కట్ట దగ్గర చుట్టాలంతా గుసగుసలాడుతున్నారు. యాకయ్య వచ్చి నా ముందు కూర్చుని తల వంచాడు.

"తియ్యి అన్నా. మా అవ్వే లేదు, ఇంక ఎవలు కడుగుతరు?"

కత్తి ఆడిస్తుంటే ఆ జుట్టులోంచి మిర్చి ఘాటు లేచి కళ్ళల్లో నీళ్ళు ధారగా కారాయి. సాంబయ్య ఏడుస్తున్నాడన్నారు చూసినవాళ్ళు. ఘాటు సంగతి అటుంచితే, ఏడ్చాను కూడా.

అప్పటి నుంచి నెలకోసారి కుర్చీలో కూర్చునేవాడు. సినిమా మాట ఎత్తేవాడు కాదు. ఒకసారి మాత్రం, "అవ్వది ఒక్క ఫొటో అన్న తీయించలేదన్నా. మొఖం మరుపుకు వస్తాంది" అన్నాడు.

1987లో స్టేషన్ రోడ్డు గోడ మీద పోస్టరు చూశాను. అదే సినిమా! యాకయ్యను లాక్కుని హన్మకొండలో మ్యాట్నీకి వెళ్ళాను.

సినిమా మొదలైన పది నిమిషాలకే కోట తలుపు వచ్చింది. మా యాకయ్య తెర మీద గుబురు గడ్డంతో తలుపు తోస్తున్నాడు. నేను ఈల వేయబోయాను. అంతలో యాకయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. తెర మీద ఎడమ పక్కన, రాతి స్తంభం దగ్గర, నెత్తిన గిన్నెతో మొగిలమ్మ నిలబడి ఉంది. వర్తకుణ్ణి చూడటం లేదు, కొడుకునే చూస్తోంది.

ముందు వరసలో కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు. "కాకతీయుల కాలంల సత్తు గిన్నె ఏందిరా!"

యాకయ్యకు ఆ నవ్వు వినబడలేదు. తెర వైపు వంగి, పదేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట మెల్లగా అన్నాడు.

"వచ్చినవా అవ్వా? వస్తవని నాకెరుకనే."

ఆ సినిమాలో వర్తకుడు తిరిగి రాలేదట. డబ్బులైపోయి, ఆ సీను తీయకుండానే వెనక నుంచి ఎవరో చెప్పిన నాలుగు మాటలతో ముగించారట. ఇది ఇంకొకరు చెబితే విన్నాను. మొగిలమ్మ కనబడటం ఆగిపోగానే యాకయ్య లేచాడు, వెనకే నేనూ లేచాను.

సినిమా ఆరు రోజులు ఆడింది. ఆరు రోజులూ అతను యార్డుకు పోలేదు. రోజూ టికెట్టు కొని, పది నిమిషాలు చూసి, బయటికి వచ్చేసేవాడు. ఆరోనాడు నా దుకాణానికి వచ్చి, "రేపటి సంది ఆ సినిమా డబ్బాలు తొర్రూరు టాకీసుకు పోతయట అన్నా. ఆడికెల్లి కేసముద్రం" అన్నాడు.

"అయితే?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే తొర్రూరు బస్సెక్కుతూ కనబడ్డాడు. చేతిలో వాళ్ళమ్మ సత్తు గిన్నె ఉంది, నిండా సద్దితో.