మేడం కట్టిన పసుపు కొమ్ము

ఈ నాలుగు ముక్కలు ఎప్పుడో రాయవలసింది. చెప్పాలన్న కోరిక ఉండేది, అక్షరాలు లేవు. బిజినేపల్లి దగ్గర మా ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రపు బడి పెట్టినప్పుడు నేనూ వెళ్లాను. సాయంత్రం దిద్దిన అక్షరం తెల్లారేసరికి మాయమయ్యేది. యాభై దాటిన తలలో ఏదీ నిలవదని నాకు నేనే తీర్పు చెప్పుకుని, పలక అటక మీద పడేశాను. ఈ రోజు పసుపు కొమ్ములు దంచుతుంటే ఆ ఘాటు వాసనకు శారద మేడం కళ్ల ముందు నిలబడింది.

మేడంది బల్మూర్. పట్నంలో మెదడు మీద పరిశోధన చేసేది. చేతులు కొత్త పని నేర్చుకుంటుంటే తలలో జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో చూడాలని, చదువురాని ఆడవాళ్ల కోసం నాగర్‌కర్నూల్ వచ్చింది. మహిళా సంఘం సమావేశంలో నన్నూ అడిగింది.

"నా తలల ఏం లేదు మేడం. ఖాళీ," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "ఖాళీ తల నేను ఇంతవరకు సూడలే అక్కా. ఉంటె నాకు గదే కావాలె. రా!"

తోడికోడలు ఎల్లమ్మను వెంటబెట్టుకుని పట్నం బస్సెక్కాను. మందపాటి గోడల గదిలో ఒక కుర్చీ, దాని పైన బోర్లించిన గుండిగ లాంటి యంత్రం. "అక్కా, తల ఉడకవెడ్తరేమో, జర సూస్కో," అంది ఎల్లమ్మ.

ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. పిన్నీసులు తీశాను, మెట్టెలు తీశాను. పుస్తెలతాడు దగ్గర చెయ్యి ఆగిపోయింది. "గిది మాత్రం తియ్య. మా ఇంటాయన సల్లగుండాలె."

మేడం బలవంతం చేయలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది. "జాతరల నీ చెవుల గుసగుస పెడ్తె ఇనవడ్తదా అక్కా?"

"డప్పుల మోతల ఏం ఇనవడ్తది?"

"నీ మెదడు గంత మెల్లగ మాట్లాడ్తది. దానికెల్లి వచ్చే అయస్కాంతపు జాడను ఈ యంత్రం పట్టుకుంటది. మెడల పుస్తెలు కదిలితె డప్పు కొట్టినట్టే." సంచిలోంచి పసుపు దారం, పసుపు కొమ్ము తీసింది. "మా అమ్మ పుస్తెలు అవుసులాయనకు బాగుచెయ్యనిచ్చినప్పుడు గిదే కట్టుకునేది. నీకు ఇష్టమైతెనే."

నేను తలూపాక, ముందు కొమ్ము కట్టి, ఆ తర్వాతే పుస్తెలు తీసి ఎల్లమ్మ చేతిలో పెట్టింది. నా మెడ ఒక్క క్షణం కూడా బోసిగా లేదు. నా భయాన్ని చూసి నవ్వకుండా దానికో దారి వెతికిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

చేతి కింద ప్లాస్టిక్ మీటలు. ఏ వేలు తర్వాత ఏ వేలు నొక్కాలో ఒక వరుస నేర్పారు. సాయంత్రం దాకా తడబడుతూనే ఉన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సెప్పిన గద మేడం, నా తలల నిలవదని. బడిల దిద్దిన అక్షరాలు గూడ గిట్లనే పోతుంటె ఇడిసిపెట్టిన."

"బువ్వ తిని పండుకో అక్కా. మిగిలిన పని నిద్ర చేస్తది."

ఆ రాత్రి పట్నంలోనే పడుకుని, పొద్దున్నే మళ్లీ యంత్రం కింద కూర్చున్నాను. బడిలో అక్షరాల్లాగే ఇదీ పోయి ఉంటుందనుకున్నాను. మీటల మీద చెయ్యి పెట్టగానే వేళ్లు వాటంతట అవే పరుగెత్తాయి! మేడం తలుపు తీసుకుని చిన్నపిల్లలా గదిలోకి వచ్చింది.

"సూసినవా? రాత్రి పోతదనుకున్నవు. రాత్రే కుదురుకున్నది. అక్షరాలకు గూడ జర టైమియ్యాలె అక్కా. నువ్వు కోపం చేసుకొని ఇడిసిపెట్టినవు."

మెడలో మళ్లీ పుస్తెలు పడ్డాయి. కొమ్మును కొంగున ముడేసుకున్నాను. బస్టాండులో మేడం నా చెయ్యి పట్టుకుని కాగితం మీద నా పేరు రాయించింది, బస్సు వచ్చేదాకా రాయిస్తూనే ఉంది. దారి పొడవునా మోకాలి మీద వేలితో దిద్దుకుంటూ వచ్చాను. ఊరు చేరేసరికి చివరి అక్షరం తికమక పడింది. అయినా ఈసారి దిగులు పడలేదు. కడుపునిండా తిని పడుకున్నాను.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, ముగ్గుపిండి గిన్నె పట్టుకున్నాను. చుక్కలు పెట్టలేదు. వేళ్ల సందున పిండి జారవిడుస్తూ వాకిలి నిండా పెద్దగా రాశాను. బాలమ్మ.

పాల చెంబుతో వస్తున్న ఎల్లమ్మ కాలెత్తి ఆగింది. "ఇదేం ముగ్గు అక్కా, వంకర టింకరగ?"

"తొక్కకే! పక్కకెల్లి రా," అన్నాను. "అది నేను."