తెరకు గుచ్చిన పతకం

ఆ రోజుల్లో సినిమా మా ఊరికి ఎడ్లబండి మీద వచ్చేది, కొన్నాళ్ళుండి ఎడ్లబండి మీదే పోయేది. ఉన్నన్నాళ్ళూ దానికి కావలసినవన్నీ ఒకచోట పోగయ్యేవి. నేను చెప్పబోయే ఆ సాయంత్రం బాన్సువాడ అంగడి పక్క ఖాళీ జాగాలో పోగైనవి ఇవి: మాట్లు వేసిన డేరా ఒకటి, నా చేతికి వచ్చేసరికి ముగ్గురు యజమానులను చూసిన ప్రొజెక్టరు ఒకటి, క్షయ రోగిలా దగ్గే ఆయిల్ ఇంజను ఒకటి, దాని దగ్గు కనిపెట్టుకుని ఉండటానికి నేను, డేరాకు ఇరుపక్కలా నీళ్ళ బక్కెట్లు, ఇసుక బక్కెట్లు (ఇవి నా పట్టుదల మీద వచ్చినవి), వాటి పక్కన డేరా మనుషులు ఇద్దరు, టికెట్ల దగ్గర మా అక్క, అందరి మీదా అరుస్తూ మా బావ, అంటే ఈ టూరింగు టాకీసు యజమాని, తగరపు బూర పట్టుకుని తెర పక్కన నిలబడి కథ చెప్పే బూరన్న, నేల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు, తండాల నుంచి నడిచి వచ్చినవాళ్ళు, బిచ్కుంద నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళు, వెనక బెంచీల మీద దుకాణదారులు, వాళ్ళందరి వెనక, తన ఇంటి నుంచి తెప్పించుకున్న పడక కుర్చీలో, తెల్లని షేర్వాణీలో దొర. నా మనశ్శాంతి తప్ప అన్నీ హాజరు.

మనశ్శాంతి లేకపోవడానికి కారణం ఉంది. మేము డేరా వేసిన జాగా దొరది. ‘ఆట మంచిగుంటే గీ జాగ మీకే ఇస్త, గోడలు కట్టుకోన్రి’ అని ఆయన మా బావకు మాట ఇచ్చాడు. గోడలంటే మామూలు మాట కాదు. పెళ్ళైనప్పటి నుంచి డేరాల వెంట తిరిగి, వాన వస్తే పొయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఏడ్చిన మా అక్కకు అది ఇల్లు. హైదరాబాదులో టెక్నికల్ స్కూలు చదివి, యంత్రాల గురించి అన్నీ తెలుసుకుని, ఒక్క యంత్రం కూడా సొంతంగా లేని నాకు అది పర్మనెంటు నౌకరి. అది దక్కకపోతే మా నాయన తునికాకు గోదాము ఉండనే ఉంది. అక్కడ ఉన్న ఒకే యంత్రం తక్కెడ. (దానికి నూనె కూడా అక్కరలేదు.)

దొరకు ఎటువంటి ఆట చూపించాలని బావ చాలా ఆలోచించి, చివరికి బొంబాయి నుంచి ఒక యూరపు బొమ్మ తెచ్చాడు. ఇటలీలో ఎక్కడో నీళ్ళ మీద కట్టిన ఊరుందట, అక్కడ ఏటేటా యూరపు దేశాల సినిమాలన్నిటినీ ఒకచోటికి పిలిచి, చూసి, మంచివాటికి కప్పులూ పతకాలూ ఇస్తారట. ఇది అట్లా కప్పు గెలిచిన బొమ్మ. చవకగా ఎందుకు ఇచ్చారని నేను అడిగాను. ‘కప్పొచ్చినంక ఇగ దానికి ఫికరేంది, అందుకే’ అన్నాడు బావ. మొదటి రీలు వేసి చూశాక అసలు సంగతి తెలిసింది. అందులో మాట్లాడేది ఏ భాషో మాలో ఎవరికీ తెలియదు. నల్లకోటు తొడుక్కున్న ఒక ముసలాయన, గుర్రం మీద తిరిగే ఒక లావుపాటి మనిషి, ఒక రైలు, బోలెడంత మంచు. ఇంతవరకు నేను లెక్క తేల్చగలిగాను. నా దిగులు చూసి బూరన్న నవ్వాడు. ‘నీకు ఇంజను తెలుసు, నాకు కథ తెలుసు. ఎవరి పని ఆళ్ళు చేద్దాం’ అన్నాడు.

ఆట మొదలైంది. బూరన్న నోట్లో ఆ ముసలాయన మన వైపు రైతు అయిపోయాడు. లావుపాటి మనిషి అతని ఎడ్లను పట్టుకుపోయాడు. ‘ఎడ్లేవి, కనబడ్తలేవు?’ అని నేల మీద నుంచి ఎవరో అడిగితే, ‘పట్టుకపోయిండని చెప్తుంటి కద! పట్టుకపోయినంక ఎట్ల కనబడ్తయ్?’ అని బూరన్న గద్దించాడు. ముసలాయన రైలుస్టేషనులో ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటే బీడీల ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. ప్రొజెక్టరు కిటికీలోంచి నేను దొర వైపు చూశాను. దొర కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు. గోడలు లేస్తున్నట్టే అనిపించింది నాకు. సరిగ్గా అప్పుడు దొర కుర్చీలోంచి లేచాడు.

ఇక్కడ మా వైపు నాటకాల మర్యాద ఒకటి చెప్పాలి. వేషగాడు బాగా చేస్తే చూస్తున్న పెద్దమనిషి మధ్యలోనే లేచి పతకం ఇస్తాడు. అప్పుడు నాటకం ఆగుతుంది. వేషగాడు చేతులు కట్టుకుని నిలబడతాడు, ఇచ్చిన పెద్దమనిషి పేరూ బిరుదులూ గట్టిగా చదువుతారు, పతకం ఛాతీకి గుచ్చుతారు, చప్పట్లయ్యాక పద్యం మళ్ళీ మొదటి నుంచి. ఈ మర్యాద సినిమాకు వర్తించదని దొరకు ఎవరూ చెప్పలేదు. దొరకు ఏదైనా చెప్పే అలవాటు ఊళ్ళో ఎవరికీ లేదు.

‘గా నీళ్ళ ఊరోళ్ళు కప్పిచ్చిండ్రు, మేం ఇయ్యమా? మా ఊరికి ఇజ్జత్ లేదా?’ అంటూ దొర జేబులోంచి వెండి పతకం తీసి తెర వైపు నడిచాడు. నేల జనం వరసకు వరస లేచి దండం పెట్టారు, తెర మీద ముసలాయన బదులు తలపాగాల నీడలు కనిపించాయి. దొర తెర దగ్గరికి చేరి, చెయ్యెత్తి, పిన్ను గుచ్చాడు. గుచ్చి పక్కకు తప్పుకునేసరికి ముసలాయన లేడు. బొమ్మ ముందుకు పోయింది. పతకం లావుపాటి మనిషి గుర్రానికి, వెనక భాగాన వేలాడుతోంది.

ఎవరూ నవ్వలేదు. అంతమంది ఒకేసారి నవ్వకుండా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. దొర పతకం పీకి, ‘ముసలోడు మళ్ళ రాంగనే ఆపున్రి’ అన్నాడు. బావ గుడ్లు తేలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

‘జర ఆపురా.’

‘బావా, ఆగదు. వెనక దీపంల కార్బన్ కడ్డీల మంట ఉంది. ఫిల్ము కదులుతున్నంతసేపే బతుకుతది, నిలబడితే కాలిపోతది.’

‘దొరకు చెప్పమంటవా గా మాట?’

‘చెప్పు.’

బావ పోయి చెప్పాడు. దొర గొంతు నాకు కిటికీ దగ్గరికే వినిపించింది. ‘మొన్న నాటకంల రాజును ఆగుమంటే ఆగిండు. కిరీటం పెట్టుకున్న రాజే ఆగిండు! గీ ముసలోనికేమాయె?’

బావ మళ్ళీ వచ్చాడు. ఈసారి వెనక అక్క కూడా వచ్చింది. డేరా చిరుగులోంచి కనిపించే ఖాళీ జాగా వైపు ఒకసారి చూసి, నా వైపు చూసింది. నేను స్కూల్లో నేర్చుకున్నదంతా గుర్తు తెచ్చుకున్నాను. కార్బన్లను కొంచెం ఎడంగా జరిపితే మంట తగ్గుతుంది. అప్పుడు మూడు లెక్కపెట్టేంతసేపు ఫిల్ము నిలబడవచ్చు, నాలుగు అంటే దేవుడి దయ. ‘మూడు లెక్కపెడత, అంతట్ల గుచ్చాలె’ అన్నాను. ‘గుచ్చుతడు, పిన్ను తెరిచిపెట్టుకునే నిలబడ్డడు’ అన్నాడు బావ. (పతకం తెరకు ఉంటుంది, బొమ్మ కదలగానే ముసలాయన మళ్ళీ వెళ్ళిపోతాడన్న సంగతి నాకు తట్టింది. కానీ ఆ స్థితిలో ఒక్కో ఆపద గురించే ఆలోచించగలిగాను.)

ముసలాయన వచ్చాడు. మంచులో నిలబడి, టోపీ తీసి, నేరుగా మా వైపు చూశాడు. అంతకంటే మంచి చోటు దొరకదు. కార్బన్లు జరిపాను, ఆపాను. ఒకటి. దొర చెయ్యి ముసలాయన గుండె మీద పెట్టాడు. కానీ గుచ్చలేదు. బూరన్న వైపు తిరిగి, ‘చదువు’ అన్నాడు.

బిరుదులు! బిరుదులు చదవకుండా పతకం గుచ్చడం ఏ ఊళ్ళోనైనా ఉందా? నేనూ అదే ఊళ్ళో పుట్టాను, నాకు తెలియకపోలేదు, కానీ నా లెక్కలో కార్బన్లున్నాయి, ఫిల్మున్నది, పిన్నున్నది, బిరుదులు లేవు. బూరన్న బూర ఎత్తి, నెమ్మదిగా, మర్యాదగా, ‘శ్రీ... శ్రీ... శ్రీ...’ అని మొదలుపెట్టాడు. మూడు శ్రీలకే నా మూడు అయిపోయాయి.

ముసలాయన గుండె మీద, సరిగ్గా దొర చెయ్యి ఉన్నచోట, గోధుమరంగు చుక్క ఒకటి పుట్టింది. చుక్క పొంగింది, నల్లబడింది, చుట్టూ నురగలు కక్కుతూ విచ్చుకుంది. ముఖం పోయింది, టోపీ పోయింది. నేను కిటికీ మూసేసి తడిగోనె కప్పేలోపు డేరా అంతా ఒక ముసలమ్మ గొంతు వినిపించింది:

‘అయ్యో, దొర చెయ్యి తాకంగనే కాలిపాయె ముసలోడు!’

అంతటితో ఆగినా బాగుండేది. ఆ బొమ్మ తెర మీదే కాదు, తెరకు ఆనుకుని నిలబడ్డ దొర తెల్లని షేర్వాణీ మీద కూడా పడింది. చూసేవాళ్ళకు దొర వీపు పొంగుతూ కాలుతున్నట్టే కనిపించి ఉంటుంది. ‘దొరకు అంటుకున్నది!’ అని మా డేరా మనుషులిద్దరూ కేకవేసి బక్కెట్లు అందుకున్నారు. నిప్పు కనిపిస్తే ఏం చెయ్యాలో వాళ్ళకు నేనే నేర్పాను: ఆలోచించొద్దు, ముందు నీళ్ళు, వెంటనే ఇసుక. నా చదువు వల్ల ఎవరైనా ఏమైనా తు.చ. తప్పకుండా నేర్చుకున్నారంటే అది వాళ్ళిద్దరే. ముందు నీళ్ళు పోశారు. వెంటనే ఇసుక పోశారు.

దీపం వెలిగించేసరికి దొర, అప్పుడే వరి నాట్ల నుంచి లేచి వచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు. మొదట నేల మీద నుంచి ఎవరిదో ముక్కులో నవ్వు. తరువాత బీడీల ఆడవాళ్ళు. తరువాత బెంచీలు. గుర్రం వెనక భాగాన పతకం వేలాడినప్పటి నుంచి అణచిపెట్టుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. పుట్టిన దగ్గరి నుంచి దొర ముందు నవ్వని ఊరు అది. నవ్వు ఎక్కడ ఆపాలో దానికి తెలియలేదు.

దొర మీసం మీది ఇసుక తుడుచుకున్నాడు. ‘తెల్లారేవరకు జాగ ఖాళీ కావాలె’ అన్నాడు. వెళ్ళిపోయాడు. పడక కుర్చీ ఆయన వెనక వెళ్ళింది.

‘మూడు లెక్కపెడ్తనంటివి కదరా!’ అన్నాడు బావ, తల పట్టుకుని.

‘బూరన్న బిరుదులు మూడుకు ఆగలేదు, బావా.’

‘నన్నెందుకంటరు?’ అన్నాడు బూరన్న, నిజంగా నొచ్చుకుని. ‘నేను ఇంక శ్రీలల్లనే ఉన్న. పేరు కాడికే రాకపోతి!’

తెల్లవారి డేరా విప్పారు. బండ్లు పిట్లం దారి పట్టాలి. ‘నువ్వు ఈడనే ఉండు’ అన్నాడు బావ, నా వైపు చూడకుండా. గోడలు రావలసిన చోట గుంజల గుంటలు మాత్రం మిగిలాయి. వాటి మధ్య కూర్చుని అక్క తెర మడతపెడుతోంది. ఏడుస్తుందనుకున్నాను. మడతల్లో ఏదో తగిలి ఆగింది. పతకం. ఆ గలాటాలో దొర చేతి పిన్ను తెరకు గుచ్చుకుని ఉండిపోయింది. వాపసు అడగడం ఆయన మర్యాదకు తక్కువ, పంపించడం మా ధైర్యానికి ఎక్కువ.

అక్క ఇసుక దులిపి దాన్ని నా అంగీకి గుచ్చింది. ‘అక్కా, ఇది నాది కాదే’ అన్నాను.

‘మరి ఎవరిది? ముసలోడు కాలిపాయె. గుర్రానికిస్తే పుచ్చుకోకపాయె. గిప్పుడు నీ జీతం ఇయ్యనీకె మా కాడ గిదే ఉన్నది’ అంది. అప్పుడు ఏడ్చింది. బండి ఎక్కాక మళ్ళీ నవ్వింది. బండి వంతెన దాటేదాకా ఆ రెండిటిలో ఏది చేస్తోందో నాకు తెలియలేదు.

నేను మా నాయన గోదాముకు వెళ్ళాను. గడపలోనే నాయన పతకం వైపు చూసి, ‘ఏందిరా అది, ఇనాం కొట్టినవా?’ అన్నాడు. ‘అవును’ అని లోపలికి వెళ్ళి తక్కెడ దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు రైసు మిల్లులో ఇంజను చూస్తున్నాను, ఇదీ దగ్గుతుంది. అక్కకు గోడలు దొరికాయి, కాకపోతే పిట్లంలో, కిరాయికి, సినిమా లేకుండా. కార్బన్ల ముందు వేళ్ళు మడుచుకుంటూ, లోకమంతా మూడు లెక్కపెట్టేలోపు సర్దుకుంటుందని నమ్మిన ఆ కుర్రవాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. వాణ్ణి తిట్టాలనిపించదు, భుజం తట్టాలనిపిస్తుంది. నీళ్ళ మీది ఆ ఊళ్ళో ఏటా ఎవరెవరికి ఎన్ని కప్పులిచ్చారో నాకు తెలియదు. యూరపు సినిమాకు బాన్సువాడ ఇచ్చిన పతకాలు మొత్తం ఒకటి.