బ్యారన్‌లో మిట్టమధ్యాహ్నం

మా యారాలు పోయిందని మంగళవారం పొద్దున కబురొచ్చింది. మా మరిది భార్య. నాకంటే పదేళ్లు చిన్న. పెద్దదాన్ని నేనుండగా ముందు పోవడం మర్యాద కాదు. అయినా ఆ ఇంట్లో ఆమెకు మర్యాద చూపించిందెవరు కనుక!

ఎనభైల్లో, ములకలపల్లి అవతల అడవి అంచున, మరిదికి పొగాకు బ్యారన్ ఉండేది. ఆకును వేడితో ఆరబెట్టే, కిటికీల్లేని ఎత్తైన గది. పైకప్పులో కింది నుంచి తాడుతో లాగి తెరిచే చిన్న తలుపు. పొగాకు ధర పడిపోయి అప్పుల్లో ముంచాక అందులో గంజాయి పెడతానన్నాడు. చేలో పెడితే పోలీసు జీపులొస్తాయి.

నేను ఖమ్మంలో బాటనీ టీచర్ని. "వదినా, బల్బుల కింద పెడితే పువ్వొస్తదా?" అని అడిగాడు. పువ్వే కదా సరుకు. అడిగేవాడు దొరికాడని మురిసిపోయి పాఠం చెప్పాను: సగం రోజు వెలుగు, సగం రోజు తెగని చీకటి. చీకటి నడుమ కాసేపు వెలుగు పడితే మొక్క పూత మానేస్తుంది. నా విద్యార్థులెవరూ పరీక్షలో సరిగ్గా రాయని జవాబును ఆయన ఒక్కసారికే పట్టేశాడు. పక్కన బియ్యం ఏరుతున్న యారాలూ పట్టేసిందని అప్పుడు నాకు తెలియదు.

కరెంటు రాత్రిళ్లే నిలకడగా వచ్చేది. అందుకని రాత్రంతా బల్బులు, పగలంతా చీకటి. ఒక పగలు ముసలి పాలేరు లోపల బీడీ ముట్టించాడు. చీకటి చెడిందని మరిది, పొగాకు వేలాడదీసే కర్రతో ముఖం మీద కొట్టాడు. ఒక కన్ను అక్కడికక్కడే పోయింది. అతని తల ఒళ్లో పెట్టుకుని ఖమ్మం దవాఖానాకు తీసుకొచ్చింది యారాలే. నెత్తురు చీరతోనే నా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఒక్క పువ్వు గూడ పూయనియ్య."

"సంపుతడే నిన్ను."

"ఇప్పుడేమన్న బతకనిస్తుండా?"

రోజూ మధ్యాహ్నం ఆయన తిని పడుకున్నాక బ్యారన్లోకి వెళ్లి, అన్నం ఉడికేంత సేపు పైకప్పు తలుపు తాడు లాగి పట్టుకునేది. మొక్కలు మనిషెత్తు పెరిగాయి, అంతా ఆకే. మరిది ముందు బల్బులు కట్టినవాణ్ని కొట్టాడు. తర్వాత నా మీదికొచ్చాడు: "నీది దొంగ సదువు, వదినా!"

ఒకరోజు తొందరగా నిద్ర లేచాడు. బ్యారన్ నేల మీద ఎండ కనబడింది. అదే కర్ర.

"తాడు ఇడువే!"

"ఇడువ."

ఎముక రెండుచోట్ల విరిగాక గానీ ఆ చేయి తాడు వదల్లేదు. తర్వాత కొడవలితో మొక్కలన్నీ నరికాడు. సాయంత్రానికి నేల మీద మోకాలెత్తు ఆకు కుప్ప. మర్నాడు నేను వెళ్లి, "మళ్లీ విత్తనం పెట్టావా, జీపును నేనే తీసుకొస్తా" అన్నాను. పెట్టలేదు. పాఠం చెప్పినదాన్ని నేను. ఆ మాట అనడానికి ఆమె చేయి విరగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా ముందు కిటికీ తీసేది. "ఎండ రానియ్యుండ్రి, ఎవ్వని సొమ్ము?" అనేది.

వంకరగా అతుక్కున్న ఆ చేయి మళ్లీ పూర్తిగా కిందికి దిగలేదు. మంగళవారం స్నానం చేయించిన ఆడవాళ్లు దాన్ని గుండె మీదికి వంచబోయారు. "ముట్టుకోకండి" అన్నాను. మరిది తల తిప్పుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పాడె లేచింది. ఆ పిడికిలి తలకు పైన, తాడు అందుకున్నట్టే ఉంది.