పొయ్యి వెలిగించని పండగ

ఆ రోజుల్లో నాకు బుద్ధి తక్కువ, నమ్మకం ఎక్కువ. ఎవరూ చెప్పకముందే పని చేసేస్తే యజమానులు మెచ్చుకుంటారని గట్టిగా అనుకునేదాన్ని. ఆ నమ్మకమే పదిహేడు మందిని పండగపూట పస్తు పెట్టబోయింది. (నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. "నానమ్మా, మెల్లిగా" అంటోంది. ఆ రోజు నేను మెల్లిగా ఉండుంటే ఇప్పుడు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.)

అప్పటికి నాకు పెళ్ళై రెండేళ్ళు. మా ఆయన సాలూరు లారీల మీద క్లీనరు. పదిరోజులకోసారి వచ్చి, ఒక పూట తిని, రెండు పూటలు నిద్రపోయి వెళ్ళిపోయేవాడు. మిగతా రోజులన్నీ నాగావళి అవతల ఒంటిగది ఇంట్లో నేనూ మా అత్తా. ఇద్దరం నోరున్నవాళ్ళమే. (ఎవరి నోరు పెద్దదన్నది ఆ వీధి ఇప్పటికీ తేల్చలేదు.) అలాంటప్పుడు శ్రీకాకుళంలో బట్టల కొట్టున్న సింధీ సేటుగారింట్లో పనిమనిషి కావాలని తెలిసింది. వెళ్ళి చూడగానే నా కన్ను పెరట్లో గది మీద పడింది. సిమెంటు గచ్చు, కిటికీ, తలుపుకి లోపలి గడియ. పని కుదిరినవాళ్ళకి ఆ గది ఇస్తారట. సేటుగారి తల్లిని అందరూ పెద్దమ్మగారనేవాళ్ళు. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి, "వారం రోజులు సెయ్యి పిల్లా. సుట్టాలొస్తారు. ఆలెల్లాక గది సంగతి సెప్తాను" అంది. పుట్టిందెక్కడో గానీ, మా ఊరివాళ్ళకి చీరలమ్మీ అమ్మీ ఆవిడకి మా యాస పట్టేసింది. మా అత్త మాత్రం, "వారం తిరక్కుండా మూట సర్దుకుని ఒచ్చీకపోతే నా పేరు మార్చీయే" అంది.

శ్రావణ పున్నమికి రాఖీలు పట్టుకుని సేటుగారి అక్కచెల్లెళ్ళు ముగ్గురూ పిల్లాజెల్లాతో ఆమదాలవలసలో రైలు దిగి వచ్చేశారు. ఆ వారమంతా ఇల్లు సంతే. ఒకరు లేస్తే ఒకరు తింటున్నారు, ఒకరు తింటుంటే ఇద్దరు పేకాడుతున్నారు. ఆ ఇంట్లో గుమ్మం తొక్కినవాళ్ళకి ముందుగా మంచినీళ్ళూ, కాల్చిన అప్పడమూ ఇవ్వాలి. ఉత్త అప్పడం ఎలా తింటారని జాలిపడి మొదటిరోజు నేను పక్కన అన్నం, చారు కూడా పెట్టాను. వచ్చినాయన దర్జీ, కొలతలకి వచ్చాడు. పాపం, మొహమాటానికి తినేశాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, గది పోలేదు కదా అనుకున్నాను.

ఆరోరోజు పొద్దుట మొదలెట్టి సాయంత్రం దాకా వండుతూనే ఉన్నారు. తియ్యరొట్టెలు, శనగపిండి రొట్టెలు, పూరీలు, వేపిన బెండకాయలు, కాకరకాయలు, పెరుగు వడలు. పిండి కలిపీ కలిపీ నా చేతులు పడిపోయాయి. రాత్రి భోజనాలకి కాబోలనుకుని పొద్దుగూకకముందే ఇంటికి పోయాను. మర్నాడు తెల్లారేసరికి వచ్చాను. పెద్దమ్మగారు తలుపు తీసి స్నానానికి వెళ్ళింది. మిగతావాళ్ళు నిద్ర. వంటింట్లోకి వెళితే నాలుగు గంపలు నిండుగా ఉన్నాయి! నేను అంతకుముందు చేసిన ఇంట్లో రాత్రి మిగిలింది పొద్దున్న కంటపడితే ఆ ఇల్లాలు ఇల్లు పీకి పందిరేసేది. అంచేత ఒక్క ముక్క లేకుండా మోసుకెళ్ళి, సందు చివర కూలికి నిలబడ్డ ఆడవాళ్ళకి పంచేశాను. "ఎవుల్దే పెళ్ళి?" అన్నారు. "పెళ్ళేటి! మా సేటుగోరింట్లో రోజూ ఇంతే" అన్నాను. (వారం నిండలేదు, అప్పుడే 'మా' సేటుగారు!) తిరిగొచ్చి చూస్తే స్టవ్ మీద పసుపు, బియ్యపు గింజలు, పాల మరకలు. ఎంత మురికి మనుషులమ్మా అనుకుని అద్దంలా తోమేశాను. టీ పెడదామని లైటరు అందుకునేసరికి వెనకనుంచి కేక.

"ఒలే, ముట్టించకు!"

పెద్దమ్మగారు తడిజుట్టుతోనే వచ్చి లైటరు లాక్కుంది. అప్పుడు తెలిసింది. ఆ రోజు వాళ్ళకి థదరీ పండగ. ముందురోజు సాయంత్రం పొయ్యికి పూజచేసి, పాలూ నీళ్ళూ చల్లి చల్లారుస్తారు. మర్నాడంతా నిప్పు రాజేయకూడదు. నిన్న వండినది చల్లగా అమ్మవారికి పెట్టి, తర్వాతే ఎవరైనా తినాలి. నేను తోమింది పూజ, పంచింది పండగ.

"గంపలేవే?" అందావిడ. చెప్పాను. ఇల్లంతా లేచి వచ్చింది. "ఈ పిల్లకి ఎవురూ సెప్పలేదా?" అని పెద్దమ్మగారు అడిగింది. ఎవరికి వారే ఇంకొకరు చెప్పుంటారనుకున్నారట. సేటుగారు తల గోక్కుని, "హోటల్నించి తెప్పించీనా?" అన్నాడు.

"ఇయ్యాల ఒండింది పనికిరాదురా. నిన్నటిది కావాల."

"నిన్నటిదని ఏ హోటలోడు ఒప్పుకుంటాడమ్మా!"

పిల్లలు ఆకలని ఏడుపు మొదలెట్టారు. పెరట్లో గది నాకు కిటికీలోంచి కనిపిస్తోంది. రేపటినుంచి అందులో ఇంకెవత్తో ఉంటుంది. నా నోరు నన్నడక్కుండానే కదిలింది.

"అమ్మా, అన్నమైతే పరవాలేదేటి? మా ఇంట్లో నిన్న ఒండిందే. పులిసిన తరవాణి నీళ్ళు పోసీసి ఉంటాది."

"సల్లగా ఉంటాదా?"

"సల్లగానేటమ్మా, రాత్రంతా నీళ్ళల్లోనే ఉంటాది."

ఆవిడ తడిజుట్టు ముడేసుకుని, "పద, ఆటో పట్టుకుని ఎల్లిరా" అంది.

వంతెన దాటి ఇంటికెళితే మా అత్త అరుగు మీదే ఉంది. "ఒచ్చీసినావా! మూటేదే?" అంది ముఖం వెలిగిపోతూ. సంగతంతా చెప్పాను. "సేటుగోరికి సద్దన్నమా? ఆలకి పూరీలు, మనకి సద్దీ కదే!" అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "ఇది అట్టుకెల్తే నీకు గదిచ్చేస్తారేటి?" అని అడిగింది.

"ఏమో అత్తా. ఇచ్చీవొచ్చు."

కుండవైపు చూసింది. నా వైపు చూడలేదు. అన్నం లేదంటే చాలు, కోడలు సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. చీర దులుపుకుని లేచింది. "పదిహేడు మందికి ఒక్క కుండేటి సాల్తాది! మన పరువేటి కావాల?" అంటూ ఇంటింటికీ వెళ్ళి చద్దన్నం, తరవాణి, ఉల్లిపాయలు, నిమ్మకాయ పచ్చడి పోగుచేసింది. కుండ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో నాకన్నా ముందెక్కింది.

పెద్దమ్మగారు అమ్మవారికి పిడికెడు పెట్టి దండం పెట్టింది. మా అత్త వడ్డించింది. సేటుగారు ఉల్లిపాయ కొరుక్కుంటూ మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆరేళ్ళ పాప, సేటుగారి కూతురు, తరవాణి మూడు గ్లాసులు తాగి మూతి తుడుచుకుంది. అంతా అయ్యాక పెద్దమ్మగారు మా అత్తని అడిగింది. "నీ కోడల్ని ఉంచీనా, పంపించీనా?"

"ఉంచీసుకోండమ్మా. నోరు పెద్దది గానీ సెయ్యి మంచిది."

నా జన్మలో మా అత్త నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. గది ఇచ్చారు. పదిరోజులు దర్జాగా లోపల గడియ పెట్టుకుని బతికాను. పదకొండోరోజు, పోట్లాడ్డానికి మనిషి లేక, వెళ్ళి అత్తని తెచ్చుకున్నాను.

ఇప్పుడు అత్త లేదు, మా ఆయన లేడు, పెద్దమ్మగారూ లేదు. కానీ ఆ మరుసటి ఏడాది నుంచీ ప్రతి థదరీకి ఒక కుండ చద్దన్నం పెట్టడం ఆ ఇంట్లో ఆగలేదు. మొన్నటి పండక్కి కొత్తగా వచ్చిన పెద్దింటి పిల్ల, సేటుగారు సూరత్ నుంచి తెచ్చుకున్న కోడలు, కుండలోకి తొంగిచూసి, "మా పుట్టింట్లో ఇది ఉండదే" అంది. రాఖీకి వచ్చి ఉన్న పాప (ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి) ఎంతో గంభీరంగా, "మనింటి ఆచారం వదినా. పూర్వీకులు పెట్టింది. ఇది లేకపోతే అమ్మవారు ముట్టుకోదు" అంది. నా వైపు తిరిగి, "అవునా, కాదా?" అని అడిగింది.

"అవును తల్లీ, పూర్వీకులు పెట్టిందే" అన్నాను. ఆ పూర్వీకురాలు గరిటె పట్టుకుని, అక్కడే నిలబడి నవ్వాపుకుంటోంది.